తప్పు హెడ్‌సెట్‌ది కాదు, కెమెరాది
నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మా ట్రైనింగ్ సెంటర్‌లో కళ్లకు పెట్టుకుని చూసే కొత్త వీఆర్ హెడ్‌సెట్‌లో బొమ్మ అంచులు మసకగా ఉన్నాయని పిల్లలు గొడవ. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఫొటో తీస్తే అంచులు ఏకంగా నల్లగా వచ్చాయి. వాపస్ పంపేద్దామనుకున్నా.

తర్వాత అర్థమైంది. హెడ్‌సెట్ బొమ్మ సరిగ్గా కంటిపాప ఉండే చోటికే కుదురుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ పెద్ద లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం గాజుల వెనక ఎక్కడో ఉంటుంది, ఆ చోటికి చేరదు, అందుకే అంచులు నల్లగా. ఫోన్ కెమెరాకైతే అది చిన్నది, దాదాపు ముందే. అందుకే ఫోన్‌ను కన్ను ఉండే చోట నిలబెట్టాను. ముఖం తగలకపోతే హెడ్‌సెట్ తెర ఆరిపోతుంది కదా, సెన్సర్‌కు టేపు వేశా (దానికే అరగంట!). 90 హెర్ట్జ్ తెర (సెకనుకు 90 ఫ్రేమ్‌లు) ఒక్కో ఫ్రేమ్‌లో క్షణకాలమే వెలుగుతుంది, అందుకే ఫొటోలో చారలు. షటర్ 1/30 సెకనుకు పెడితే సరిగ్గా మూడు ఫ్రేమ్‌లు పడి చారలు పోయాయి.

అంచులు శుభ్రంగా వచ్చాయి. మరి పిల్లల మసక? లెన్స్‌ల మధ్య దూరం ఎవరి కళ్లకు తగ్గట్టు వాళ్లకు జరిపితే తీరిపోయింది.