ఎర్ర గోగు తొడుగులతో జోబో కాచుకునే పద్ధతి

మా తమ్ముడు నైజీరియాలోని లాగోస్‌లో వెల్డింగు పని చేసి తిరిగి వచ్చినప్పుడు పెట్టెలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. లోపల ముదురు ఎరుపు రంగు ఎండు ముక్కలు. “అక్కా, దీన్ని అక్కడ జోబో అంటారు. ఎండలో పని చేసి వచ్చాక అందరం ఇదే తాగేవాళ్లం” అన్నాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. పులుపు నాలుకకు తగలగానే తెలిసిపోయింది, ఇది మన గోగే.

ఆమదాలవలస చుట్టుపక్కల నార కోసం వేసే గోగుకు పుట్టిల్లు ఆఫ్రికా. మనం అంబలి కాచుకునే చోడి (రాగి) కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల నుంచి వచ్చిందే. గోంగూర ఆకును మనం ఎంత ప్రేమగా వండుకుంటామో, కాయ మీది తొడుగును అంతగా మరచిపోయాం. నాకు అదే బాధ.

ముందు మొక్క సంగతి. నార గోగు దీనికి పనికిరాదు. దాని తొడుగు పలుచన, పైగా పూత మీద ఉండగానే కోసేస్తారు. కాయ చుట్టూ మందంగా కండపట్టి, ముదురు ఎరుపులో ఉండే రకం కావాలి. ఎవరి పెరట్లోనైనా కనబడితే గింజలు అడిగి తెచ్చుకుని తొలకరికి వేయండి. పగటి పొద్దు తగ్గితే గాని పూయదు. పువ్వు వాడిన మూడు వారాలకు తొడుగు ఉబ్బి నిగనిగలాడుతుంది. అప్పుడే కోయాలి. కాయ ఎండి పగలడం మొదలైతే పొద్దు మీరినట్లే.

కాయ మొదలును కత్తితో గుండ్రంగా కోసి, వేలెడు లావు స్టీలు గొట్టం అక్కడ ఆనించి నెట్టండి. లోపలి పచ్చ కాయ టప్పున బయటికి వస్తుంది, తొడుగు చిన్న గంటలా చేతిలో మిగులుతుంది. ఆ కాయ మీది నూగు గుచ్చుకుని దురద పెడుతుంది, వేళ్లకు గుడ్డ చుట్టుకోండి. తొడుగులు కడిగి, పలుచని బట్ట కప్పి నాలుగైదు రోజులు ఆరబెట్టండి. విరిస్తే ఫట్‌మనాలి. పది కిలోల పచ్చివి ఎండితే సుమారు కిలో అవుతాయి. మన సముద్రపు గాలికి ఇట్టే మెత్తబడతాయి కాబట్టి గాజు సీసాలో బిగించి పెట్టండి.

కాచేటప్పుడు 50 గ్రాముల ఎండు తొడుగులు, రెండు లీటర్ల నీళ్లు, బొటనవేలంత అల్లం దంచినది, ఐదారు లవంగాలు తీసుకోండి. నైజీరియాలో శుభ్రంగా కడిగిన అనాస తొక్క కూడా వేస్తారు, దాని వాసన చాలా బాగుంటుంది. పదిహేను నిమిషాలు సన్నసెగ మీద మరిగించి, మూత పెట్టి చల్లారాక వడకట్టి తీపి కలపండి. బెల్లం రంగును కాస్త మసకబారుస్తుంది, అయినా నేను బెల్లమే వేస్తాను. మొదటిసారి అల్యూమినియం గిన్నెలో కాచాను. గిన్నె లోపలి నలుపంతా పోయి తెల్లగా మెరిసింది, పానీయంలో లోహపు రుచి దిగింది. మొత్తం పారబోశాను. స్టీలు గిన్నె గాని, మట్టి కుండ గాని వాడండి.

సూడాన్‌లో దీన్నే కర్కదే అంటారు, చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టినా చాలు. సెనెగల్‌లో బిస్సాప్ అంటారు, పుదీనా వేస్తారు. అక్కడ ఆకును బెండకాయతో ఉడికించి చేపల అన్నంతో తింటారట. గోంగూర రొయ్యలు తిని పెరిగిన మనకు అది పరాయి రుచి కాదు.

మందుగా వాడేవారు జాగ్రత్తగా వినండి. ఇది రక్తపోటును కొంత తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. అలాగని మాత్రలు మానకండి. రక్తపోటుకు, మధుమేహానికి మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడిగే తాగాలి. గర్భిణులు తాగవద్దు. మలేరియాకు క్లోరోక్విన్ వేసుకునే రోజుల్లో అసలే వద్దు, ఇది ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో ఉన్నవారికి నేనైతే ఇవ్వను.

గొట్టంతో నెట్టిన పచ్చ కాయల్లోని గింజలు మొలవవు. అన్నిటికంటే ఎర్రగా కాసిన మొక్క మీద పది కాయలు కోయకుండా వదిలి, చెట్టు మీదే ఎండనివ్వండి. మా వీధిలో ఏడు ఇళ్లకు ఆ గింజలే పంచాను.