దింపిన మియాటాలో టైరు రాసుకుంటోందా, అలైన్‌మెంట్ నిలబడట్లేదా? ముందు టేపు పట్టండి

ఇది మొదటి తరం మజ్దా మియాటా గురించి, 1989 నుంచి 97 దాకా వచ్చిన, హెడ్‌లైట్లు పైకి లేచే బండి. డాలస్‌లో నాకు తెలిసిన మన తెలుగువాళ్ళలోనే నలుగురి దగ్గరుంది, నలుగురూ స్ప్రింగులు మార్చి బండి ఎత్తు కిందికి దింపారు, నలుగురూ నాకు ఒకటే మెసేజ్ పెట్టారు: "అన్నా, నిన్ననే అలైన్‌మెంట్ చేయించా, మళ్ళీ పక్కకి లాగుతోంది." అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు సర్దడం. జాకీ, స్టాండ్లు, టార్క్ రెంచ్ వాడటం వచ్చనుకునే రాస్తున్నా.

ఎవరు ఏ సమస్య చెప్పినా నేను ముందు అడిగేది నాలుగు చక్రాల దగ్గర ఎత్తు ఎంతుందని. చక్రం నడిమధ్య ఉండే హబ్ మధ్య నుంచి నిట్టనిలువుగా పైన ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిస్తే రెండు నిమిషాల పని. ఇంతవరకు ఒక్కరు కూడా కొలిచి మెసేజ్ పెట్టలేదు. కొత్త కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగ్, షాక్ సెట్లు) కొంటారు, రిమ్ములు మారుస్తారు, అలైన్‌మెంట్‌కి రెండుసార్లు డబ్బులు కడతారు, టేపు మాత్రం తీయరు. దయచేసి తీయండి. చదునైన నేల మీద, పెట్రోలు సగం ట్యాంకు, డ్రైవర్ సీట్లో మీ అంత బరువు పెట్టి (టన్ను అటూ ఇటూ ఉండే తేలిక బండి ఇది, మనిషి ఎక్కితే చక్రం పక్కకి ఒరిగే కోణం కాంబర్, చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే టో, రెండూ కదుల్తాయి) కొలిచి, ఆ నాలుగు అంకెలూ రాసి పెట్టుకోండి. గాలి కూడా చూస్కోండి, కంపెనీ చెప్పింది 26 పీఎస్‌ఐ, షాపులో అలవాటుగా 35 కొట్టి పంపిస్తారు.

గుంతలో పడ్డప్పుడు టైరు రాసుకుంటోంది

ఎక్కడ రాసుకుంటోందో తెలియకుండా ఫెండర్ జోలికి పోవద్దు. టైరు భుజం చుట్టూ చాక్‌పీసుతో గీసి, వీధిలో ఒక రౌండ్ తిప్పి వచ్చి, చాక్ ఎక్కడ చెరిగిందో, ఫెండర్ లోపల ఎక్కడ అంటిందో చూడండి. ముందు అయితే ఎక్కువగా బంపరూ ఫెండరూ కలిసే మూల దగ్గర, లేదా లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి. వెనక అయితే లోపలికి మడిచిన రేకు అంచుకి.

రిమ్ము లెక్క చాలామంది తప్పు వేస్తున్నారు. కంపెనీ రిమ్ము 14 అంగుళాలు, 5.5 వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖానికి దూరం, మి.మీ.లో) 45. దాని బదులు 15 అంగుళాలది, 7 వెడల్పు, ఆఫ్‌సెట్ 35 వేశారనుకోండి. వెడల్పు 38 మి.మీ. పెరిగింది, అంటే పక్కకి 19. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి రిమ్ము బయటి అంచు 29 మి.మీ. బయటికొస్తుంది, లోపలి అంచు 9 మాత్రమే లోపలికి పోతుంది. "ఒకటిన్నర అంగుళమే కదా పెరిగింది, రెండు పక్కలా సగం సగం" అనుకుంటే ఆ 10 మి.మీ. దగ్గరే దొరికిపోతారు. ఈ రిమ్ముకి 195/50 టైరు వేస్తే ఎత్తు పాత 185/60 14తో దాదాపు సమానం, హాయిగా పడుతుంది. 8 వెడల్పు, 205 టైరు అంటే ఫెండర్ అంచు మడవాల్సిందే, మడిచేముందు హీట్ గన్‌తో పెయింట్ బాగా వేడి చేయండి, చల్లగా మడిస్తే పగిలిపోతుంది.

"కాంబర్ నెగటివ్ పెంచితే టైరు లోపలికి పోతుందిగా" అని ఇంకోటి. ఈ బండిలో కాంబర్ సర్దేది, చక్రాన్ని బండికి పట్టి ఉంచే రెండు ఆర్మ్‌లలో కింది ఆర్మ్ దగ్గరున్న ఎక్సెంట్రిక్ బోల్టులతో, అంటే తిప్పితే ఆర్మ్‌ని లోపలికీ బయటికీ జరిపే బోల్టులతో. నెగటివ్ పెంచినప్పుడు చక్రం కింది భాగం బయటికి జరుగుతుంది, పై అంచు లోపలికి పోయేది కొంచెమే. ఫెండర్‌కి తగలడం ఆపడానికి కాంబర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

స్ప్రింగ్ తీసేసి, జాకీతో హబ్‌ని బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే దిమ్మ) పూర్తిగా నలిగేదాకా లేపి, స్టీరింగ్ అటూ ఇటూ చివరిదాకా తిప్పి చూస్తే అసలు ఎంత సందు ఉందో తెలుస్తుంది. బద్ధకించకుండా ఒక్కసారి చేయండి. బంప్ స్టాప్‌లు కోసేసిన బండి అయితే ముందు అవి మార్చండి. నేనైతే హబ్ నుంచి ఫెండర్‌కి ముందు 12.75, వెనక 13 అంగుళాల కంటే కిందికి దింపను, ఈ బండిలో చక్రం పైకి వెళ్ళే దారి ముందే తక్కువ.

టైరు లోపలి అంచు తినేస్తోంది

అందరూ కాంబర్‌ని తిడతారు, తినేది ఎక్కువగా టో. ఎత్తు మారితే టో మారుతుంది, దింపాక అలైన్‌మెంట్ చేయించకుండా వెయ్యి మైళ్ళు తిప్పితే కొత్త టైరు పోయినట్టే. ఈ సైజు టైరుకి ఒక డిగ్రీ టో అంటే 10 మి.మీ., కాబట్టి షాపువాళ్ళు ఇచ్చిన కాగితంలో 0.10 అని ఉంటే ఒక మిల్లీమీటరు. వీధిలో తిరిగే బండికి నేను పెట్టేది ముందు కాంబర్ మైనస్ 1, టో సున్నా, కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) 4.5 పైన ఎంతొస్తే అంత, వెనక కాంబర్ మైనస్ 1.5, రెండు చక్రాలకీ కలిపి ఒకటిన్నర మి.మీ. టో ఇన్ (ముందు అంచులు లోపలికి). ఇంట్లో దారం కట్టి చూసేవాళ్ళు ముందు వెనక ట్రాక్ (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం) ఒకటి కాదని మర్చిపోకండి, వెనక కొంచెం ఎక్కువ.

అలైన్‌మెంట్ చేయించిన మూడు వారాలకే పోతోంది

నన్ను ఏడాది తిప్పలు పెట్టింది ఇదే, అందుకే వివరంగా చెప్తా.

నా 91 బండి దింపాను, అలైన్‌మెంట్ చేయించాను, కాగితం మీద అన్నీ పచ్చగా ఉన్నాయి. మూడు వారాలయ్యాక స్టీరింగ్ ఒక పక్కకి వాలింది, వెనక కుడి టైరు మాత్రమే ఫెండర్‌కి తగలడం మొదలైంది. షాపుకి వెళ్తే మళ్ళీ సర్ది ఎక్సెంట్రిక్ బోల్టులు సరిగ్గా బిగించలేదన్నారు. మళ్ళీ నెలకి అదే కథ. చివరికి టేపు పడితే వెనక కుడి మూల ఎడమ కంటే 9 మి.మీ. కిందికి ఉంది, దింపిన రోజు రెండూ సమానమే.

కారణం రబ్బరు బుష్‌లు. ఈ బండిలో కంపెనీ బుష్ అంటే బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక చిన్న గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుపోయిన రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలదు, ఆర్మ్ పైకీ కిందికీ ఊగేటప్పుడు రబ్బరే మెలి తిరుగుతుంది. అంటే బోల్టు బిగించినప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉందో రబ్బరుకి అదే విశ్రాంతి. నేను బండి స్టాండ్ల మీద, చక్రాలు వేలాడుతుండగానే పై ఆర్మ్ బోల్టులు, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు అన్నీ గట్టిగా బిగించేశాను. బండి కిందికి దించగానే ప్రతి బుష్ మెలిపడి బండిని పైకి తోస్తూ నిలబెట్టింది. ఆ అబద్ధపు ఎత్తు మీద అలైన్‌మెంట్ చేశారు. ముప్పై ఏళ్ళ రబ్బరు, రోజూ ఆ మెలిక మీద నలిగి నలిగి ఒక పక్క చిరిగింది, ఆ మూల కూర్చుండిపోయింది, ఎత్తుతో పాటు టో పోయింది.

ఆర్మ్ బోల్టులు అసలు విప్పకుండా స్ప్రింగులు మార్చినవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది, వాళ్ళ బుష్‌లు పాత ఎత్తు దగ్గరే ఆగి ఉంటాయి. అలైన్‌మెంట్‌లో కింది ఆర్మ్ ఎక్సెంట్రిక్ బోల్టులు నేల మీదే వదులు చేసి బిగిస్తారు కాబట్టి అవి సర్దుకుంటాయి. పై ఆర్మ్ బోల్టుల్ని, షాక్ కింది బోల్టుని ఎవరూ ముట్టుకోరు, అక్కడే మోసం.

పట్టుకోవడం తేలిక. ఒక మూలని రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవండి, తర్వాత ఫెండర్ పట్టుకుని పైకి లేపి మెల్లగా వదిలి కొలవండి. రెండు అంకెలకీ 5 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఏదో పట్టేసినట్టే. ఇంకా నమ్మకం కావాలంటే తెల్ల పెయింట్ పెన్నుతో లోపలి గొట్టం అంచు మీద నుంచి ఆర్మ్ మీదకి ఒకే గీత గీసి, బండి నేల మీద ఉండగా ఆ బోల్టు వదులు చేయండి. టక్‌మని చప్పుడొచ్చి, గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది. నా బండిలో ఆ రెండు గీత ముక్కల మధ్య బియ్యపు గింజంత దూరం వచ్చింది.

బిగించే పద్ధతి: బండిని నాలుగు చక్రాల కిందా చెక్క దిమ్మల మీదకి ఎక్కించండి, చేతులు దూరేంత ఎత్తు చాలు. దిమ్మ మీద రెండు ఫ్లోర్ టైల్స్ ఒకదాని మీద ఒకటి, మధ్యలో గ్రీజు పూసి పెడితే టైరు పక్కకి జారి సహజమైన చోట నిలబడుతుంది. అదేదీ కుదరకపోతే స్టాండ్ల మీదే, జాకీని కింది ఆర్మ్ బయటి చివర పెట్టి, ముందు రాసుకున్న ఎత్తు వచ్చేదాకా లేపి బిగించండి. కానీ ఇక్కడ రాసుకోవాల్సింది బోల్టులన్నీ వదులుగా ఉన్నప్పటి ఎత్తు. అన్నీ వదులు చేసి, బండిని పది అడుగులు ముందుకీ వెనక్కీ తోసి, నాలుగు మూలలా ఊపి, అప్పుడు కొలిచిందే నిజమైన ఎత్తు. మాన్యువల్లో ఉన్న టార్క్‌కి అప్పుడే బిగించండి. చిరిగిన బుష్ దీనితో బాగవ్వదు, మార్చాల్సిందే. పాలీయురేథేన్ బుష్ వేస్తే అది అతుక్కోకుండా గొట్టం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఈ మెలిక సమస్యే రాదు, గ్రీజు పెట్టకపోతే కీచుమంటుంది.

ఎక్సెంట్రిక్ బోల్టు గొట్టంలో తుప్పుతో పట్టేసి ఉంటే బలవంతంగా తిప్పొద్దు, రెండు మూడు రోజులు ముందు నుంచే తుప్పు వదిలే నూనె పోస్తూ ఉండండి.

వంగిన ఆర్మ్, పక్కకి జరిగిన సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించే కింది చట్రం) ఇవి కూడా ఉంటాయి, కానీ బండి గట్టిగా గట్టుకి గుద్దుకుని ఉంటే తప్ప వాటి వైపు వెళ్ళకండి. బాల్ జాయింట్, టై రాడ్ చివర, బేరింగ్ లూజు మాత్రం చక్రం పైనా కిందా, పక్కలా పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది.

బిగించాక ఒక యాభై మైళ్ళు తిప్పి మళ్ళీ నాలుగు మూలలా కొలవండి. అంకెలు కదలకపోతే అప్పుడు అలైన్‌మెంట్‌కి వెళ్ళండి, వెళ్ళేటప్పుడు డ్రైవర్ సీట్లో పెట్టడానికి మీ బరువుకి సరిపడా ఇసుక బస్తాలు డిక్కీలో వేసుకెళ్ళండి.