కంప్లైంట్ క్లోజ్ అయింది, మెషిన్ మాత్రం తిరగట్లేదు

మా వాషింగ్ మెషిన్ కొన్న ఏడో నెలలో నీళ్లు బయటికి వదలడం మానేసింది. కంపెనీకి ఫోన్ చేశాం. మూడో రోజుకి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, ధన్యవాదాలు" అని మెసేజ్ వచ్చింది. అప్పటికి మా గడప తొక్కినవాడు లేడు. చివరికి అది బాగవడానికి నలభై రోజులు పట్టింది. అందులో సగం ఆలస్యం నా చేతకానితనమే.

సమస్య: ఎవరూ రాకుండానే కంప్లైంట్ క్లోజ్ చేశారు

కారణం: ఇంటికొచ్చే టెక్నీషియన్ చాలాసార్లు కంపెనీ ఉద్యోగి కాదు, కాంట్రాక్టు తీసుకున్న సర్వీస్ సెంటర్ మనిషి. ఇన్ని గంటల్లో పని ముగించాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. పార్టు లేకపోతే "కస్టమర్ ఫోన్ ఎత్తలేదు" అని రాసి పడేస్తారు. లేదంటే ఫోన్ చేసి, "సార్, మీకొచ్చిన హ్యాపీ కోడ్ చెప్పండి, పార్టు ఆర్డర్ పెట్టాలి" అంటారు. నేను చెప్పేశాను. ఆ కోడ్ చెప్పడమంటే పని పూర్తయిందని సంతకం పెట్టినట్టే!

పరిష్కారం: మెషిన్ తిరగడం కళ్లారా చూసేదాకా కోడ్ చెప్పకండి. క్లోజ్ చేసేస్తే కొత్త కంప్లైంట్ పెట్టకండి, పాత నంబరునే మళ్లీ తెరవమనండి. నేను కోపంలో మూడు కొత్తవి పెట్టాను. దాంతో వాళ్ల రికార్డులో వారాల తరబడి మూలనపడిన మెషిన్ బదులు మూడు చిన్న చిన్న కంప్లైంట్లు కనిపించాయి.

సమస్య: ఏం రాసినా అదే జవాబు, "అసౌకర్యానికి చింతిస్తున్నాం"

కారణం: నా మొదటి మెయిల్ రెండు పేజీలు. అమ్మ నడుం నొప్పి, పనిమనిషి మానేయడం, ఇక జన్మలో మీ సరుకు కొననన్న శపథం, అన్నీ ఉన్నాయి. సీరియల్ నంబర్ లేదు. చదివేవాడికి పనికొచ్చే ముక్క లేకపోతే రెడీమేడ్ జవాబే వస్తుంది.

పరిష్కారం: రెండోసారి ఇలా రాశాను:

"మోడల్, సీరియల్ నంబర్, పాత కంప్లైంట్ నంబర్ పైన ఇచ్చాను. మార్చి 12న కొన్నాను, బిల్లు జతచేశాను. అక్టోబర్ 4 నుంచి నీళ్లు పోవట్లేదు, తెర మీద ఎర్రర్ కోడ్ వస్తోంది, వీడియో చూడండి. డ్రెయిన్ పంప్ మార్చాలని మీ టెక్నీషియన్ చెప్పి వెళ్లారు. ఈ నెల 30లోపు పంప్ మార్చండి, కుదరకపోతే మెషిన్ మార్చి ఇవ్వండి."

అంతే. ఏం కావాలో, ఎప్పటికి కావాలో ఉండాలి. వీడియోలో సీరియల్ నంబర్ స్టిక్కర్ కూడా పడేలా తీయండి. తిట్లు వద్దు. మర్యాద కోసం చెప్పట్లేదు, రేపు కేసు దాకా వెళ్తే ఈ మెయిలే సాక్ష్యం.

సమస్య: "ఎలుక కొరికింది, వారంటీ రాదు"

కారణం: ఒక్కోసారి నిజమే. కింది భాగం తెరిచి ఉన్న మెషిన్లలోకి ఎలుకలు దూరి వైర్లు కొరుకుతాయి. ఒక్కోసారి ఖర్చు మన మీదకు నెట్టే సాకు.

పరిష్కారం: విప్పకముందే ఫోటోలు తీయండి, టెక్నీషియన్ ఏం చూశాడో రాసిచ్చే కాగితం, అదే జాబ్ షీట్, తీసుకోండి, ఏ వారంటీ షరతు ప్రకారం కాదంటున్నారో మెయిల్‌లో అడగండి. నిజంగా ఎలుకే అయితే డబ్బు కట్టేయండి, దాని మీద పోట్లాట దండగ.

సమస్య: కస్టమర్ కేర్ వాళ్లు ఏదో యాప్ వేసుకోమంటున్నారు

చాలాసార్లు వాళ్లు అసలు కస్టమర్ కేర్ కాదు, ఆ పేరుతో మాట్లాడే దొంగలు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికిన నంబర్లు నమ్మకండి, వారంటీ కార్డు మీద ఉన్నదానికే చేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

సమస్య: వారాలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు

కారణం: కింది మెట్టు మీదే నిలబడి అరుస్తున్నాం.

పరిష్కారం: ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, తీర్పు చెప్పదు. కానీ అక్కడి నుంచి వెళ్లిన ఫిర్యాదు కంపెనీలో వేరే బల్ల మీదకు చేరుతుంది.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. గడువు 2 ఏళ్లు. మెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు.

మాకు అంతదూరం వెళ్లే పని పడలేదు. 1915కి చేసిన నాలుగో రోజున ఒక కుర్రాడు పంప్ పట్టుకొచ్చి ఇరవై నిమిషాల్లో బిగించాడు. "సార్, కోడ్?" అన్నాడు. "ఉండు నాయనా" అని దుప్పట్లన్నీ వేసి మెషిన్ ఆన్ చేసి, ఇద్దరికీ టీ పెట్టాను. నీళ్లు గలగలా పోయాక కోడ్ చెప్పాను.