ఇంటి చదువు మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి

జూన్‌లో బడులు తెరిచేలోపు పిల్లల చదువును ఇంటికి మార్చాలనుకునే తల్లిదండ్రులు వీటిని ముందే చూసుకోవాలి.

• పన్నెండో తరగతి స్థాయి సబ్జెక్టులను ప్రవేశ పరీక్షల అర్హతతో పోల్చి ఎంచుకోండి. బడికి వెళ్లకుండానే పరీక్షలు రాసే వీలున్న జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్‌)లో ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు పూర్తిచేస్తే ధ్రువపత్రం వస్తుంది గనుక, కష్టమనిపించిన దానిని వదిలేయాలనిపించడం సహజం. అయితే నీట్ రాయాలంటే భౌతిక, రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రం లేదా బయోటెక్నాలజీతో పాటు ఇంగ్లీషు కూడా చదివి ఉండాలి కాబట్టి, ఇంగ్లీషు కాని భాషను మాత్రమే ఎంచుకున్న విద్యార్థి చివరి ఏడాదిలో చిక్కుల్లో పడతాడు. ఈ పొరపాటుకు మూల్యం కొన్నిసార్లు ఒక విద్యా సంవత్సరం.

• ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి నమోదుకు 14 ఏళ్లు నిండాలి. చురుకైన బిడ్డనైనా అంతకుముందే పరీక్షకు తొందరపెట్టి ప్రయోజనం లేదు. ఆ సమయాన్ని లోతైన చదువుకు కేటాయించండి.

• జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. పదో తరగతి ధ్రువపత్రంలో చేరిన తప్పు ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ అడ్డుపడుతుంది.

• బడి మానిపించేటప్పుడు బదిలీ పత్రం తీసుకోండి. తిరిగి చేర్చవలసి వస్తే ముందుగా అడిగేది అదే.

• విజ్ఞాన శాస్త్రాలకు ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుందో నమోదుకు ముందే కనుక్కోండి, ఎందుకంటే ప్రయోగ పరీక్ష ఇంట్లో జరగదు.

• అయిదేళ్లలోపు పిల్లలకు పాఠ్యపుస్తకాల కట్ట కొనకండి. ఆ వయసులో తెలుగులో కథలు వినడం, మాట్లాడడం, ఆడుకోవడమే చదువు.