మానిటర్‌లో బొమ్మ రావట్లేదా?

ముందు పవర్ లైటు చూడండి. వెలగకపోతే ప్లగ్గు, తీగ, అడాప్టరు చూసుకోవాలి. లైటు వెలిగి తెర మీద "నో సిగ్నల్" అని వస్తే మానిటర్‌ని తిట్టకండి. తేడా చాలావరకు కేబుల్‌లోనో సీపీయూ డబ్బాలోనో ఉంటుంది. సీపీయూ నుంచి మానిటర్‌కి బొమ్మ తెచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్ రెండు కొసలూ పీకి మళ్లీ గట్టిగా గుచ్చండి. సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు (బొమ్మల పని చూసే కార్డు) ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డుకి (లోపలి ప్రధాన బోర్డుకి) కాదు.

అయినా రాలేదా? సీపీయూ ప్లగ్గు తీసేసి లోపలి ర్యామ్ (మెమరీ పట్టీ) ఊడదీయండి. దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, మళ్లీ గాడిలో పెట్టి క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. కోనసీమ తీరంలో అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి, పైగా వానాకాలం చెమ్మకి, ఈ పళ్లు మసకేస్తాయి.

నల్లటి తెర మీద టార్చి వేస్తే బొమ్మ లీలగా కనబడిందా? బ్యాక్‌లైటు, అంటే తెర వెనక వెలిగే లైటు, పోయింది. మానిటర్‌ని మీరు విప్పొద్దు, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది.