ఈశాన్య వానలకు ముందే ఆఫీసు ఏసీకి చేయాల్సిన పనులు

అక్టోబరు రెండో సగానికి చెన్నైలో గాలి మళ్లుతుంది. అప్పటిదాకా పడమర నుంచి వీచింది, ఇక సముద్రం వైపు నుంచి చెమ్మ మోసుకొస్తుంది. ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో గ్రీన్ సర్టిఫికెట్ ఉన్న అద్దాల ఆఫీసుల్లో కార్పెట్ నుంచి ముక్కిపోయిన వాసన, డిఫ్యూజర్ (సీలింగ్‌లో చల్లగాలి వదిలే జాలీ) నుంచి బల్ల మీద నీటిచుక్కలు, మధ్యాహ్నం తలనొప్పి అనే ఫిర్యాదులు మొదలయ్యేది అప్పుడే.

థర్మోస్టాట్‌కి వేడి తెలుసు, చెమ్మ తెలియదు. బయట 26 డిగ్రీలకు దిగితే గది తొందరగా చల్లబడి, గాలిని చల్లబరిచే కాయిల్‌కి చల్లనీళ్లు వదిలే వాల్వ్ మూసుకుంటుంది, గాలిలో చెమ్మ అలాగే మిగిలిపోతుంది. కరెంటు ఆదాకి ఆ చల్లనీళ్లను (చిల్డ్ వాటర్) 7 నుంచి 10 డిగ్రీలకు పెంచే సెట్టింగూ సరిగ్గా అప్పుడే పనిచేస్తుంది. గది నుంచి ఏసీకి తిరిగొచ్చే రిటర్న్ గాలిలో తేమ 60 శాతం దాటితే అది రద్దయ్యేలా బీఎంఎస్‌లో (భవనం యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఇప్పుడే పెట్టించండి. ఉక్కగా ఉందని సెట్‌పాయింట్‌ను 21కి దించకండి. డిఫ్యూజర్ రేకు ఇంకా చల్లబడి, చుక్కలు ఎక్కువవుతాయి.

తేమకి భయపడి, బయటి గాలిని లోపలికి వదిలే రేకు తలుపు, అంటే ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్, మూసేస్తారు కొందరు. తలనొప్పులకి అది రాజమార్గం. గదులకి బయటి గాలి ఎంత కావాలో చెప్పే ఆష్రే 62.1 ప్రమాణం లెక్కలో మనిషికి 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), చదరపు అడుగుకి 0.06. అంటే 6,000 చదరపు అడుగుల్లో 60 మంది కూర్చుంటే కనీసం 660 సీఎఫ్ఎం. వానరోజున ఆ గాలిని ఆరబెట్టడానికి కాయిల్ గంటకి 12 లీటర్ల దాకా నీళ్లు దించాలి.

ఆ నీళ్లు పోయే దారి యూ-ట్రాప్, అంటే యూ ఆకారంలో వంగి ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచే డ్రెయిన్ పైపు. ఫ్యాన్ కాయిల్ అవతల ఉండి గాలిని లాగే ఏహెచ్‌యూలో (గాలిని చల్లబరిచి పంపే పెద్ద యూనిట్) కాయిల్ కింద నీళ్లు పట్టే పాన్ దగ్గర లాగుడు 50 మి.మీ. నీటిమట్టం అనుకుంటే, పాన్ అవుట్‌లెట్ నుంచి ట్రాప్ బయటి కొసకి కనీసం 75 మి.మీ. దిగువ ఉండాలి. ట్రాప్ ఎండినా, లోతు చాలకపోయినా పైపులోంచి గాలి ఎదురొచ్చి నీటిని ఆపేస్తుంది. పాన్ పొర్లి ఫాల్స్ సీలింగ్ మీద పడుతుంది. ఫ్యాన్ ఆపి పోస్తే నీళ్లు ఎప్పుడూ దిగుతాయి, అది పరీక్ష కాదు. పాన్‌లో బకెట్ నీళ్లు పోసి, తలుపు బిగించి, ఫ్యాన్ వేసి, పైపు చివర ధార వస్తోందో చూడండి. వాడకుండా ఉన్న స్టాండ్‌బై యూనిట్ ట్రాప్ ఎండిపోయి ఉంటుంది, దాన్ని నీళ్లతో నింపండి.

రాత్రి ఏహెచ్‌యూలు ఆగాక టాయిలెట్ ఎగ్జాస్ట్ తిరుగుతూనే ఉంటే, భవనం సందుల్లోంచి తడిగాలిని తెల్లారేదాకా పీల్చుకుంటుంది. రెండూ కలిసి ఆగేలా, డ్యాంపర్ కూడా మూసుకునేలా టైమర్ కలపండి.

24 గంటల షిఫ్టులుండే ఆఫీసులో కార్బన్ డయాక్సైడ్ సెన్సర్‌ను నమ్మకండి. దాని ఆటో కాలిబ్రేషన్ కొన్ని రోజుల్లో కనబడిన అతి తక్కువ విలువను బయటి గాలి అనుకుంటుంది. హాలు ఎప్పుడూ ఖాళీ కాదు కాబట్టి అసలు కన్నా తక్కువ చూపిస్తూ డ్యాంపర్‌ను బిగిస్తుంది. ఆటో ఆపి, డాబా మీద బయటి గాలిలో సరిచేయండి, అక్కడ సుమారు 420 పీపీఎం ఉంటుంది.

గాలి దిశ మారాక జెనరేటర్ పొగ ఎటు పోతోందో కూడా చూడాలి. జెనరేటర్‌ను లోడ్ మీద నడిపి, బయటి గాలి లోపలికొచ్చే జాలీ, అంటే ఫ్రెష్ ఎయిర్ లూవర్, దగ్గర ముక్కు పెట్టి చూడండి. ఈశాన్యం వైపు లూవర్లలోంచి జల్లు కొట్టి తడిసిన ఫిల్టర్లు ఆరబెట్టి పెట్టడానికి పనికిరావు, మార్చేయండి.

కార్పెట్ తడిస్తే 24 నుంచి 48 గంటల్లో ఆరిపోవాలి, లేకుంటే తీసేయాలి. బూజు పట్టిన జిప్సం బోర్డు మీద రంగు వేయిస్తే నెలలో మళ్లీ కనబడుతుంది. కోసి తీయించి, తడి ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి ఆపాకే కొత్తది బిగించండి.