పెరట్లో పిట్టల ఫోటోలకి అపర్చర్ ఎంత పెట్టాలి

కొత్తగా పిట్టల్ని తీసేవాళ్ళు చాలామంది అపర్చర్ (లెన్స్‌లోంచి వెలుగు వచ్చే రంధ్రం) ఎంత తెరుచుకుంటే అంత తెరిచి పెట్టేస్తారు, వెనకంతా మెత్తగా బ్లర్ రావాలని. నేనూ అదే చేశా. మా మందార చెట్టుకి వచ్చే తేనెపిట్టని ఎఫ్ 5.6లో (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది) తీస్తే ముక్కు షార్ప్‌గా వచ్చేది, కన్ను మాత్రం మసక, కన్ను మసకైతే ఇంక ఆ ఫోటో ఎందుకూ పనికిరాదు.

సంగతేంటంటే పెరట్లో పిట్ట మనకి బాగా దగ్గర్లో ఉంటుంది. మామూలు 70-300 ఎంఎం జూమ్ లెన్స్, ఏపీఎస్-సీ కెమెరా (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉండేది) అనుకోండి, 300 దగ్గర పెట్టి నాలుగు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 5.6లో తీస్తే ఫోకస్‌లో ఉండే మందం నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. తేనెపిట్ట పొడవే దాదాపు పది సెంటీమీటర్లు, అది పక్కకి తిరిగి ఉంటే సరిపోతుంది గానీ మనవైపు చూస్తుంటే ముక్కు, కన్ను, తోక అన్నీ ఎలా పడతాయి? ఎఫ్ 8కి ఐదు, ఎఫ్ 11కి ఏడు సెంటీమీటర్ల దాకా వస్తుంది. అదే పిట్ట ఎనిమిది మీటర్ల అవతల గోడమీద ఉంటే ఎఫ్ 5.6కే పదిహేను సెంటీమీటర్లు, అప్పుడు నిశ్చింతగా పూర్తిగా తెరవొచ్చు. అందుకే దగ్గరైతే 8, దూరమైతే 5.6, నేను పాటించేది ఇదే.

5.6 నుంచి 8కి వెళ్తే వెలుగు సగానికి పడిపోతుంది, అది గుర్తుంచుకోండి. షటర్ వేగం సెకనులో 1/1000 వంతు కంటే తగ్గనివ్వకండి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 800 కాస్తా 1600 అయినా పర్లేదు, నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు) తర్వాత తగ్గించుకోవచ్చు గానీ కదిలిపోయిన పిట్టని ఎవరూ బాగుచేయలేరు. అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో (అపర్చర్ మనం పెడితే షటర్ కెమెరా చూసుకుంటుంది) ఆటో ఐఎస్ఓ పెట్టి మినిమమ్ షటర్ 1/1000 అని సెట్ చేసేస్తే ఇంక అపర్చర్ ఒక్కటే తిప్పుకుంటే చాలు. మామిడి చెట్టు నీడలోనో సాయంత్రం పూటో మళ్ళీ 5.6కి రావాల్సిందే.

మరి బ్లర్ సంగతి? అది అపర్చర్ కంటే వెనక గోడ ఎంత దూరంలో ఉందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. నీళ్ళు పోసిన మట్టి మూకుడు పక్కన, గోడకి మూడు నాలుగు మీటర్లు ఇవతలగా ఒక ఎండుకొమ్మ కట్టండి, పిచ్చుకలు, పిగిలిపిట్టలు నీళ్ళలోకి దిగేముందు చాలాసార్లు దానిమీద ఆగి అటూ ఇటూ చూస్తాయి, అప్పుడు ఎఫ్ 8లో తీసినా వెనకంతా హాయిగా కరిగిపోతుంది.

గోరింకలు రెండు ఒకే కొమ్మమీద ఉంటే ఎఫ్ 11 పెట్టండి, వెలుగు చాలకపోతే రెండూ మనకి ఒకే దూరంలోకి వచ్చేదాకా ఆగి అప్పుడు నొక్కండి.